షుగర్ ఉంటే రక్తం పారే తీరు మారుతుందా? ఎలుకలు చెప్పిన సంగతి

 

మన ఊర్లల్ల పెద్దోళ్లను అడగండి. "షుగర్ ఉంది గానీ నాకేం బాధ లేదు బిడ్డా" అంటరు. టెస్టులో నంబర్ ఎంతొచ్చిందనేదే చూస్తారు. కానీ షుగర్ రక్తం పారే తీరును కూడా మారుస్తుంది. ఈరోజు అదే మాట్లాడుకుందాం.

జూరాల కాలువ చూడండి. మొదట్లో ఉన్న పొలాలకు నీళ్లు బాగానే అందుతాయి, తిప్పలంతా చివరి ఆయకట్టుకే. మన ఒంట్లో చివరి ఆయకట్టు పాదాలు. అక్కడి సన్నటి నాళాలు కొన్ని 5 మైక్రాన్ల వెడల్పే ఉంటాయి. ఎర్ర రక్తకణం వెడల్పేమో 7, 8 మైక్రాన్లు. మరి ఎలా దూరుతుంది? మెత్తగా ఉంటుంది కాబట్టి ఒంగి, సాగి దూరుతుంది.

షుగర్ వస్తే ఈ కణానికి ఏమవుతుంది? సాఫ్ట్‌వేర్‌లో కొత్త కోడ్‌ను ముందు టెస్ట్ సర్వర్ మీద చూస్తాం కదా, సైన్స్‌లో ఆ పని ఎక్కువగా ఎలుకల మీద జరుగుతుంది. స్ట్రెప్టోజోటోసిన్ అనే మందు ఇస్తే, ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలు దెబ్బతిని ఎలుకకు షుగర్ వస్తుంది. ఈ సంగతి 1963 నుంచే తెలుసు. మన హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ దగ్గరైతే, మందు అవసరం లేకుండా పుట్టుకతోనే లావెక్కి, గ్లూకోజ్‌ను తట్టుకోలేని ఎలుకల జాతే ఉంది.

షుగర్ ఎలుకల రక్తం పరీక్షిస్తే మూడు విషయాలు కనబడ్డాయి. ఒకటి, గ్లూకోజ్ ప్రోటీన్లకు అతుక్కుని కణం బిరుసెక్కుతుంది. రెండు, మూత్రం ఎక్కువ పోయి ఒంట్లో నీరు తగ్గడంతో రక్తం చిక్కబడుతుంది. మూడు, రక్తం మెల్లగా పారే చోట ఈ చిక్కదనం ఇంకా ఎక్కువ అడ్డం పడుతుంది.

అయితే ఎలుక మనిషి కాదు. దాని రక్తకణాలు మన వాటిలా గుంపుగా అతుక్కోవు. వాటి ఆయుష్షు దాదాపు 60 రోజులు, మనవి 120. కానీ కణం బిరుసెక్కడం, రక్తం చిక్కబడడం షుగర్ ఉన్న మనుషుల్లోనూ చూశారు. దానికి తోడు నరాలు మొద్దుబారితే, చేన్లో ముల్లు గుచ్చుకున్నా తెలియదు. పుండు పడితే తొందరగా మానదు.

మంచి మాట ఏంటంటే, కణాలు ఎప్పటికప్పుడు కొత్తవి పుడుతూనే ఉంటాయి. షుగర్ అదుపులో ఉంటే కొత్త కణాలకు దెబ్బ తక్కువ. మూడు నెలల షుగర్ లెక్క చెప్పే హెచ్‌బీఏ1సీ టెస్ట్ పనిచేసేది కూడా ఈ కణాల ఆయుష్షు వల్లే.

అందుకే ఈ రాత్రి ఫోన్ టార్చ్ వేసి అమ్మానాన్నల పాదాలు చూడండి. వేళ్ల సందులు, మడమలు, అరికాళ్లు. పుండు గానీ, రంగు మారడం గానీ కనిపిస్తే ఆలస్యం చేయకుండా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. రక్తం పలుచబడే గోళీలు మాత్రం సొంతంగా వేయకండి.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను మరి!