పటం నుంచి పత్రిక దాకా: మనం లెక్కలో వేయని బొమ్మల కథలు
(సూరత్ నగరం, అడాజన్‌లో తెలుగువారి సభలో చేసిన స్మారకోపన్యాసం)



ఈ ఉపన్యాసం ఎవరి జ్ఞాపకార్థం జరుగుతోందో ఆ మాస్టారు ఈ ఊళ్ళో తెలుగు బడిలో పాఠాలు చెప్పారు. సూరత్ నగరపాలక సంస్థ గుజరాతీతో పాటు హిందీ, ఉర్దూ, మరాఠీ, ఒడియా, తెలుగు మాధ్యమాల్లో కూడా ప్రాథమిక పాఠశాలలు నడుపుతోంది. మరమగ్గాల పనికి తెలంగాణ జిల్లాల నుంచి వచ్చిన కుటుంబాల పిల్లలకు అమ్మ మాట అక్షరాల్లో కనబడేది ఆ బడుల్లోనే. బొమ్మ చూపిస్తే చదవడానికి మొరాయించే పిల్లవాడు కూడా పక్కనున్న వాక్యం కూడబలుక్కుంటాడని మాస్టారు అనేవారట. ఆయన నమ్మకానికి తగిన విషయమే మాట్లాడదామని బొమ్మల కథలను ఎంచుకున్నాను. బొమ్మల కథ మన సాహిత్యంలో భాగం. దాన్ని అలా చూడకపోవడం వల్ల మంచి రచనలు, మంచి చిత్రకారులు మన కళ్ళ ముందే మరుగున పడిపోయారు. నేను చెప్పదలచుకున్నది ఇంతే. మిగిలినదంతా దీనికి సాక్ష్యం.

కామిక్స్ అనగానే అమెరికా నుంచో జపాన్ నుంచో వచ్చిన సరుకనుకుంటాం. ఈ సభలో సగం మంది పూర్వీకులు అలా అనుకుని ఉండరు. సిద్దిపేట జిల్లా చేర్యాలలో నకాషీ చిత్రకారులు వేసే పటాలు చూసినవారు ఇక్కడ ఉండే ఉంటారు. ఖద్దరు గుడ్డకు చింతగింజల జిగురు, సుద్ద కలిపి పూసి, ఆరబెట్టి, ఎర్రని నేల మీద ఒకదాని కింద ఒకటిగా గళ్ళు వేసి కథంతా గీస్తారు. వెడల్పు 3 అడుగులు, పొడవు 40, 50 అడుగులు. గడికీ గడికీ మధ్య పూల అంచు. చీకటి పడ్డాక వాడ మధ్యలో ఆ పటాన్ని కట్టి, గడి తరవాత గడి విప్పుతూ, కర్రతో బొమ్మ చూపిస్తూ, పాడుతూ కథ చెప్పేవారు. కులానికొక కథ, కథకొక చెప్పేవాళ్ళు. చాకలివారికి పటంవారు మడేలు పురాణం చెప్పేవారు. పద్మశాలీలకు కూనపులివారు మార్కండేయ పురాణం, భావనారుషి కథ చెప్పేవారు. తామర నారతో దేవతలకు బట్ట నేసిన భావనారుషి మన మూలపురుషుడని నేతవాడికి తెలిసింది ఆ గళ్ళ లోంచే.

ఇది మరో రకం బొమ్మల కథ కాదు, బొమ్మల కథే. వరుసగా పేర్చిన గళ్ళు, ఒక గడి నుంచి మరో గడికి పోయేటప్పుడు గడిచిపోయే కాలం, ముఖ్యమైన పాత్ర పెద్దగా, అప్రధానమైన పాత్ర చిన్నగా కనబడడం, ఏ గడిలోనైనా అదే రంగుతో, అదే వేషంతో మనిషిని ఆనవాలు పట్టగలగడం, ఇవన్నీ ఇవాళ కామిక్స్ వేసే ఏ చిత్రకారుడైనా మొదట నేర్చుకునే పాఠాలే. చేర్యాల పటానికి ఇప్పుడు భౌగోళిక గుర్తింపు ఉంది, ఎగ్జిబిషన్లలో ఒక్కొక్క గడి విడిగా చట్రం కట్టి అమ్ముడుపోతోంది. చేతి పనివారికి నాలుగు డబ్బులు వస్తున్నందుకు సంతోషమే. కానీ ఒక్క గడి కథ కాదు. 50 గళ్ళను వరుసగా చదివే విద్య మన చేతుల్లోంచి జారిపోతోంది. నాకు బాధ కలిగించేది అదే.

ఇక అచ్చులోకి వద్దాం. ఇక్కడ నేను ఎక్కువసేపు ఆగేది ఒక్క మనిషి దగ్గర, బుజ్జాయి గారి దగ్గర.

అసలు పేరు దేవులపల్లి సుబ్బరాయశాస్త్రి. 1931లో పుట్టారు, 2012లో కన్నుమూశారు. కవి కృష్ణశాస్త్రి గారి అబ్బాయి అని చెబితే తల ఊపుతాం. అక్కడితో ఆగిపోతాం, అదే అన్యాయం. తండ్రి ఆయన్ను బడికి పంపలేదు, తన వెంట తిప్పుకున్నారు. ఆ సావాసాన్నే ఆయన తరవాత ‘నాన్న – నేను’ అనే పుస్తకంగా రాశారు. భావకవిత్వపు ఇంట్లో పెరిగిన ఆ కుర్రవాడు పద్యం పట్టుకోలేదు, కుంచె పట్టుకున్నాడు. ‘డుంబు’ అనే పిల్లవాణ్ణి సృష్టించి తెలుగు పత్రికల్లోకి తెచ్చాడు. ఆ తరం పాఠకులు వారపత్రిక రాగానే ముందు తిప్పింది ఆ పేజీయే. 1963 నుంచి 1968 దాకా బొంబాయి నుంచి వెలువడిన ‘ఇలస్ట్రేటెడ్ వీక్లీ’లో పంచతంత్రాన్ని బొమ్మల కథగా నడిపాడు.

ఆ కాలాన్ని ఒకసారి గుర్తు చేసుకుందాం. అదే బొంబాయిలో, ఆ వారపత్రికను నడిపిన టైమ్స్ సంస్థే 1964లో ‘ఇంద్రజాల్ కామిక్స్’ మొదలుపెట్టి విదేశీ వీరుడు ఫాంటమ్‌ను తెచ్చింది. అనంత్ పాయ్ ‘అమర చిత్ర కథ’ మొదలైంది 1967లో. భారతీయ కథలను భారతీయ చిత్రకారులు కామిక్స్‌గా వేయగలరని దేశానికి చూపించిన ఘనత అమర చిత్ర కథకే ఇస్తాం. ఆ సంస్థ చేసిన పని గొప్పది, కాదనను. అయితే అది మొదలయ్యేనాటికే ఒక తెలుగు చిత్రకారుడు దేశమంతా చదివే ఇంగ్లీషు వారపత్రికలో మన కథనే వేస్తూ ఉన్నాడు. భారతీయ కామిక్స్ చరిత్ర గురించి ఎవరు మాట్లాడినా ఈ సంగతి మొదటి పేజీలో ఉండాలి. ఉండడం లేదు.

పంచతంత్రాన్ని ఎంచుకోవడంలోనే ఆయన తెగువ ఉంది. అది కథలో కథ, దానిలో మరో కథ. కరటకదమనకులు మాట్లాడుకుంటూ ఉండగా కొంగా ఎండ్రకాయా వస్తాయి. ఆ కథ ముగిసేసరికి మళ్ళీ నక్కల దగ్గరికి రావాలి. నోటితో చెప్పేవాడు గొంతు మార్చి ఈ పని చేస్తాడు. వారానికి ఒక్క పేజీ దొరికే చిత్రకారుడు, ఏడు రోజుల తరవాత తిరిగి వచ్చే పాఠకుడికి తానెక్కడున్నదీ బొమ్మతోనే గుర్తుచేయాలి. ఆ పేజీలు అయిదేళ్ళు నిలిచాయంటే ఆయన చేతి బలం ఎంతటిదో ఊహించవచ్చు.

ఈ స్థాయి రచయిత మరో ప్రక్రియలో ఉండి ఉంటే సమగ్ర సంపుటాలు వచ్చేవి, విశ్వవిద్యాలయాల్లో సదస్సులు జరిగేవి. బొమ్మల కథ వేసినందుకు ఆయన “పిల్లల చిత్రకారుడు” అయ్యాడు.

‘చందమామ’ సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు. 1947 జూలైలో మొదలైంది, ఇంటింటికీ తెలుసు. అది చాలావరకు బొమ్మలతో కూడిన కథల పత్రికే తప్ప కామిక్స్ పత్రిక కాదు. అయినా దాసు, వాసు, వాళ్ళ కుక్క టైగర్ కనబడే ‘చిత్రకథ’ పేజీ పాత సంచికల్లో ఉండేది. కాసిని గళ్ళలో ముగిసే ఆ చిన్న అల్లరి కథలను ఎవరూ తలుచుకోరు. నన్ను కలవరపెట్టేది పేర్ల సంగతి. ‘తోకచుక్క’తో మొదలుపెట్టి ఎన్నో జానపద సీరియల్స్ రాసిన దాసరి సుబ్రహ్మణ్యం గారి పేరు ఆ సీరియల్స్ మీద పడలేదు. వాటికి బొమ్మలు వేసిన ‘చిత్ర’ సంతకం కనిపిస్తుంది గానీ ఆయన టి. వి. రాఘవన్ అని తెలిసినవారు ఎందరు? విక్రమార్కుడి భుజం మీద భేతాళుణ్ణి మన కళ్ళకు కట్టిన శంకర్, అంటే కె. సి. శివశంకరన్ గారు, 2020లో పోయారు. 2021లో పద్మశ్రీ ప్రకటించారు. ఏళ్ళ తరబడి దేశంలోని ఎన్నో భాషల పిల్లలకు బొమ్మలు వేసిన మనిషికి ఆయన బతికుండగా ఆ కబురు అందలేదు.

మనం ఉన్న ఈ ఊరికీ ఇలాంటి సొత్తు ఉంది. సూరత్‌లో గాండీవ్ సాహిత్య మందిర్ వెలువరించిన ‘గాండీవ్’ అనే పిల్లల పత్రికలో 1936 నుంచి 1955 దాకా హరిప్రసాద్ వ్యాస్ ‘బకోర్ పటేల్’ కథలు రాశారు. మనుషుల్లాగా కోటు తొడుక్కుని, భార్య శకరీ పటలాణితో సంసారం చేసే మేక అది. ఆ మేకకు రూపమిచ్చింది తనసుఖ్, జమన్ అనే ఇద్దరు చిత్రకారులు. గుజరాతీ ఇళ్ళలో బకోర్ పటేల్ తెలియని పెద్దవాళ్ళు ఉండరు. ఇక్కడ పుట్టి పెరిగిన మన తెలుగు పిల్లలకు గుజరాతీ బాగా వచ్చు. వాళ్ళు ఆ పుస్తకాలు చదివి మన వాళ్ళకు తెలుగులో చెప్పవచ్చు. రెండు భాషల మధ్య పెరిగే పిల్లలకే చేతనయ్యే పని ఇది.

పేరులోనే సూరత్‌ను మోసుకు తిరిగే ఆబిద్ సుర్తీ గారిని కూడా తలుచుకోవాలి. 1935లో గుజరాత్‌లోనే పుట్టారు. 1976లో ఇంద్రజాల్ కామిక్స్ కోసం బహాదూర్‌ను సృష్టించారు. ముసుగు వేసుకున్న విదేశీ వీరుల మధ్య కుర్తా, జీన్స్ వేసుకుని, ఊరి జనాన్నే కూడగట్టి బందిపోట్లను ఎదిరించిన యువకుడు బహాదూర్. తరవాత 1994లో ఓరిజిత్ సేన్ ‘రివర్ ఆఫ్ స్టోరీస్’ వచ్చింది. ఆయన అహమ్మదాబాద్ నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో చదువుకున్నవారు. సర్దార్ సరోవర్ ఆనకట్ట కింద ఊళ్ళు మునిగే ఆదివాసీల కథను, వాళ్ళ సృష్టి గాథను కలిపి అల్లిన పుస్తకమది. భారతీయ గ్రాఫిక్ నవలల్లో మొదటిదిగా దాన్ని చెబుతారు. అయినా ఏళ్ళకేళ్ళు ప్రతి దొరకలేదు, 2022లో గానీ మళ్ళీ అచ్చు కాలేదు.

ఇలా ఎందుకవుతోంది? పెద్ద రహస్యమేమీ లేదు. మన బొమ్మల కథ పుట్టింది వారపత్రికల్లో, మాసపత్రికల్లో. నవల సీరియల్‌గా వచ్చినా తరవాత పుస్తకమవుతుంది, లైబ్రరీకి చేరుతుంది, దానికి సమీక్ష వస్తుంది. బొమ్మల కథకు రంగుల అచ్చు కావాలి, మంచి కాగితం కావాలి, ఖర్చు ఎక్కువ. ప్రచురణకర్త వెనకడుగు వేస్తాడు. ఈలోగా పాత సంచికలు కిలోల లెక్కన, పాత కాగితాలు కొనే పస్తీవాలా తరాజులోకి పోతాయి. ఇంట్లో మిగిలినవీ మిగలవు. 2006 ఆగస్టులో తాపీ పొంగి ఈ అడాజన్ అంతా నీళ్ళలో మునిగినప్పుడు కింది అంతస్తుల్లో కాగితమన్నది బతికిందా? పుస్తకమైన రచన పది ఊళ్ళలో పది ప్రతులుగా ఉంటుంది. పత్రికలోనే ఉండిపోయిన రచన ఒక్క వరదతో పోతుంది.

పిల్లలదన్న ముద్ర రెండో కారణం. విమర్శకులు దాని జోలికి పోరు. అందువల్ల మంచికీ చెడ్డకీ తేడా చెప్పేవాళ్ళు లేకుండా పోయారు. బొమ్మలున్నంత మాత్రాన అన్నీ గొప్పవని నేననను. దేవుడి క్యాలెండరును ముక్కలు చేసి బెలూన్లు తగిలించినవి, సినిమా పోస్టరును చూసి గీసినవి మన దగ్గర చాలా ఉన్నాయి, అవి మరుగున పడితే నష్టమేమీ లేదు. డుంబును ఆ గుంపులోంచి విడదీసి చూపించాలంటే విమర్శ కావాలి. ఫ్రాన్సులో బొమ్మల కథను తొమ్మిదో కళ అంటారు, అంగులేమ్ పట్టణంలో 1974లోనే దాని పేరున ఉత్సవం మొదలైంది. అమెరికాలో ఆర్ట్ స్పీగల్‌మన్ ‘మౌస్’కు 1992లో పులిట్జర్ ప్రత్యేక పురస్కారం వచ్చింది. వాళ్ళ గొప్ప చెప్పడానికి ఈ మాట అనడం లేదు. వాళ్ళు దాచుకున్నారు, చదివారు, వాదించుకున్నారు. మనకు పటం నాటి నుంచి ఉన్న విద్యకు ఆ పాటి శ్రద్ధ మనం చూపలేదు.

ఈ సభ నుంచి నేను కోరేవి కొన్ని ఉన్నాయి. సెలవులకు ఊరెళ్ళినప్పుడు అటక మీద పాత వారపత్రికలు కనబడితే అమ్మేయకండి. బొమ్మల కథల పేజీలను ఫోనుతోనైనా ఫొటోలు తీసి, పత్రిక పేరు, తేదీ, చిత్రకారుడి సంతకం కనిపించేలా భద్రపరచండి. పెద్దవాళ్ళలో కూనపులివారి కథ విన్నవారుంటే వాళ్ళను మాట్లాడించి రికార్డు చేయండి, గళ్ళ వరుసతో సహా. హజీరా కర్మాగారాల్లో మంచి ఉద్యోగాల్లో ఉన్నవారు, మగ్గాల యజమానులు కలిసి మాస్టారి స్మారక నిధి నుంచి ఏటా నగరపాలక తెలుగు బడులకు బొమ్మల కథల పుస్తకాలు కొని ఇవ్వండి. తెలుగు ప్రచురణకర్తలకు నా విన్నపం ఒక్కటే: బుజ్జాయి గారి డుంబు, పంచతంత్రం తేదీలతో, వరుసతో, పూర్తి రంగుల్లో ఒక్కచోట అచ్చు వేయండి. కొనడానికి మేమున్నాం. మొదటి ప్రతి మాస్టారు చదువు చెప్పిన బడికి పంపండి.