ద్రవలోహమున పెరుగు స్ఫటికము

పాకము మెల్లగా చల్లారినచో కలకండ పలుకులు పెద్దవగుట అందరెరిగినదే. బోరాన్ నైట్రైడు నీట కరుగదు. దానికి కరిగిన లోహమే పాకము.

జపానులోని త్సుకుబాయందు వాటనబే, తానిగుచి ప్రభృతులు 2004లో ప్రకటించిన నిర్మల స్ఫటికములు వాతావరణమునకు వేలాది రెట్ల పీడనమున పెరిగినవి. 2010లో కొలంబియా విశ్వవిద్యాలయమువారు అట్టి స్ఫటికముపై గ్రాఫీను పొరను పరచిరి. సిలికాపై కంటె ఎలక్ట్రానులు ఎన్నో రెట్లు సులువుగా చలించినవి. అంతట దేశదేశముల పరిశోధకులు త్సుకుబా పలుకులకై చేయి చాచవలసివచ్చినది. అంతటి పీడనయంత్రము ఎందరికున్నది?

మార్గాంతరమును 2007లో ఆ బృందమే చూపియుండెను: సాధారణ పీడనమున, నికెలు మాలిబ్డినముల ద్రవము. చిక్కంతయు నత్రజనితోనే. నికెలు బోరానును చక్కగా కరిగించుకొనును, నత్రజనిని మాత్రము దరిచేరనీయదు. క్రోమియము చేరినచో అదియు ఇముడును. అమెరికాలో కాన్సాస్ రాష్ట్ర విశ్వవిద్యాలయమున ఎడ్గర్ బృందము ఈ మిశ్రమమును సుమారు 1,550 డిగ్రీల సెంటిగ్రేడున నిలిపి, గంటకు కొలది డిగ్రీల చొప్పున చల్లార్చినది. త్వరపడినచో పలుకులు చిన్నవై, లెక్కకు మిక్కిలియగును. ఓపిక పట్టినచో, గడ్డకట్టిన లోహపుముద్దపై పారదర్శకమైన పొర ఏర్పడును. దానిని జిగురుపట్టీతో ఊడదీయుదురు.