కిరిటో ఎలాగూ గెలుస్తాడు కదా, మరి ఎందుకు చూడాలి?

స్పాయిలర్లు ఉన్నాయి, ముందే చెప్పేస్తున్నా. స్వోర్డ్ ఆర్ట్ ఆన్‌లైన్ మొదటి రెండు సీజన్లు, ఓవర్‌లార్డ్ మొదటి సీజన్ చూడనివాళ్లు ఇక్కడే పాజ్ కొట్టి, చూసొచ్చి మళ్లీ కలవండి. నేనెక్కడికీ పోను.

ఈ ఎపిసోడ్‌కి కారణం మా తమ్ముడు. ఇంటర్ చదువుతున్నాడు, అనిమే అంతా ఫోన్‌లోనే చూస్తాడు. ఫైట్ మొదలైతే చాలు, స్క్రీన్ కుడివైపు టకటకా రెండుసార్లు తట్టి పది సెకన్లు, మళ్లీ పది సెకన్లు ముందుకి దూకించేస్తాడు. నాకు ఒళ్లు మండింది. "ఒరేయ్, అదే కదరా అసలు సీను!" అన్నాను. వాడు తల కూడా ఎత్తకుండా, "ఎలాగూ గెలుస్తాడు కదన్నా" అన్నాడు. నా దగ్గర సమాధానం లేదు. అప్పటినుంచి వాడు ఎక్కడ స్కిప్ కొడుతున్నాడు, ఎక్కడ కొట్టట్లేదు అని పక్కన కూర్చుని గమనించడం మొదలుపెట్టాను.

మొదటి సీజన్ నాలుగో ఎపిసోడ్ తీసుకోండి. సిలికా అనే చిన్న అమ్మాయి, ఆమె వెనకాల పడ్డ రోజాలియా దొంగల గుంపు. కిరిటో మధ్యలో నిలబడతాడు. వాళ్లందరూ కలిసి కత్తులతో బాదుతుంటే కదలడు. తర్వాత లెక్క చెప్తాడు చూడండి: మీరంతా కలిసి 10 సెకన్లకి 400 డ్యామేజ్ ఇస్తున్నారు, నా లెవెల్ 78, నా హెచ్‌పీ 14,500, నాకు ఆటోమేటిక్‌గా 10 సెకన్లకి 600 తిరిగొస్తుంది, సాయంత్రం దాకా కొట్టినా నాకేం కాదు అని. మొదటిసారి చూసినప్పుడు నేను విజిలేశాను, అబద్ధం ఎందుకు చెప్పాలి. కానీ రెండోసారి చూస్తే అక్కడ ఫైటే లేదు. ఓ కూడిక, ఓ తీసివేత, అంతే. మా వాడు స్కిప్ కొట్టాడు, నేను ఏమీ అనలేకపోయాను.

అదే కిరిటో, అదే సీజన్, పదో ఎపిసోడ్. ఎదురుగా హీత్‌క్లిఫ్. నైట్స్ ఆఫ్ ది బ్లడ్ గిల్డ్ లీడర్, చేతిలో డాలు, కత్తి. కిరిటో గెలిస్తే అసునాకి గిల్డ్ నుంచి సెలవు, ఓడితే తనే గిల్డ్‌లో చేరాలి, అదీ పందెం. కిరిటో రెండు కత్తులతో విరుచుకుపడతాడు. ఇక దెబ్బ తగిలేసింది అనుకునేలోపు హీత్‌క్లిఫ్ డాలు ఉండకూడని వేగంతో అడ్డొస్తుంది. కిరిటో ఓడిపోయాడు! తమ్ముడు స్కిప్ కొట్టలేదు సరికదా, ఆ ముక్క వెనక్కి తిప్పి మళ్లీ చూశాడు. "ఏదో తేడాగా ఉందన్నా" అన్నాడు.

ఆ తేడా ఏంటో 14వ ఎపిసోడ్‌లో తెలుస్తుంది. 75వ అంతస్తు బాస్‌తో పోరాటంలో 14 మంది చచ్చిపోయారు, మిగతావాళ్లు నేలమీద కూలబడి ఉన్నారు. హీత్‌క్లిఫ్ ఒక్కడే నిలబడి ఉన్నాడు, హెచ్‌పీ సగం కిందకి కూడా పోలేదు. కిరిటో ఉన్నట్టుండి వెళ్లి పొడుస్తాడు. కత్తి దిగదు. గాల్లో ఓ చిన్న బోర్డు వెలుగుతుంది: ఇది నాశనం కాని వస్తువు అని. ఆటలో గోడలకి, బిల్డింగ్‌లకి వచ్చే బోర్డది! 10,000 మందిని ఆటలో బంధించిన కయాబా అకిహికో ఇన్నాళ్లూ పక్కనే కూర్చుని అన్నం తిన్నాడన్నమాట.

ఇక్కడ నాకు బాగా నచ్చిన పాయింట్ చెప్తాను. డ్యూయల్ బ్లేడ్స్ అనే స్కిల్ ఆట మొత్తంలో ఒక్కడికే వస్తుంది, అందరికంటే వేగంగా స్పందించేవాడికి. ఎందుకలా? చివర్లో రాక్షస రాజుని ఎదుర్కొనే హీరో పాత్ర వాడిది అని కయాబాయే రాసి పెట్టుకున్నాడు. అంటే మనం కిరిటో ఓవర్‌పవర్డ్ అని తిట్టుకుంటున్న ఆ పవర్‌ని ఇచ్చినవాడు విలనే! ఆఖరి పోరాటంలో దానికి లెక్క తేలుతుంది. కిరిటోకి తెలిసిన ప్రతి స్వోర్డ్ స్కిల్‌నీ డిజైన్ చేసింది ఎదుటివాడే. ఏ దెబ్బ తర్వాత ఏ దెబ్బ వస్తుందో వాడికి ముందే కంఠస్థం. కాబట్టి కిరిటో స్కిల్స్ వాడకూడదు, మామూలు చేతి వాటంతోనే కొట్టాలి. కాసేపు అలాగే నెట్టుకొస్తాడు. తర్వాత కంగారులో అలవాటుగా 27 దెబ్బల పెద్ద స్కిల్ మొదలుపెట్టేస్తాడు. మొదలయ్యాక మధ్యలో ఆపడం కుదరదు. కయాబా ఒక్కో దెబ్బనీ తాపీగా డాలు మీద కాచుకుంటాడు. చివరి దెబ్బకి కిరిటో కత్తి విరుగుతుంది. మా వాడి బొటనవేలు స్క్రీన్‌కి ఆమడ దూరంలో ఉంది.

కిరిటోకి పెద్ద నంబరుతో అడ్డుకట్ట వేయలేదు, గమనించారా? లెవెల్ 78 హీరో ఎదురుగా లెవెల్ 200 విలన్‌ని పెట్టడం చాలా ఈజీ. రెండో వారానికి హీరోకి 201 వస్తుంది, మళ్లీ కథ మొదటికే. కయాబా అలా కాదు. హీరో బలాన్నే వాడికి ఉచ్చుగా మార్చాడు.

సరే, ఆ ఫైట్ ముగింపు మీద నాకూ తమ్ముడికీ పెద్ద గొడవే అయింది. అసునా అడ్డొచ్చి చనిపోతుంది, తర్వాత కిరిటో హెచ్‌పీ కూడా సున్నా అయిపోతుంది, అయినా వాడు కరిగిపోకుండా నిలబడి పొడుస్తాడు. "ప్రేమ బలం, సంకల్పం" అన్నాను నేను. మా అమ్మమ్మ మంచం మీద నుంచి అంతా వింటోంది. "హిరణ్యకశిపుడు అడిగిన వరంలో ఒక్క మాట కూడా నరసింహస్వామి తప్పలేదు నాన్నా. పగలూ కాదు రాత్రీ కాదు, లోపలా కాదు బయటా కాదు, మనిషీ కాదు మృగమూ కాదు. అన్నీ పాటించే చంపాడు. మీవాడేంటి, చచ్చాక చంపాడా?" అంది. ఫ్రెండ్స్, నా వాదన అక్కడే పడిపోయింది. నిజంగానే, ఇంత కట్టుదిట్టమైన విలన్‌ని పెట్టుకుని, వాడి రూల్స్‌లో సందు వెతకాల్సింది పోయి రూల్‌నే పక్కన పెట్టేశారు. ఆ ఎపిసోడ్ నాకిప్పటికీ ఇష్టమే. కానీ ఆ ఒక్క నిమిషం మాత్రం అప్పు చేసి కట్టిన మేడలా అనిపిస్తుంది.

సీజన్ రెండో సగంలో ఆ అప్పు తీర్చాల్సొచ్చింది అనుకోండి. సుగో, అదే ఆల్ఫ్‌హైమ్ రాజు ఓబెరాన్. వాడికి అడ్మిన్ పవర్స్ అన్నీ ఉన్నాయి, 300 మంది ప్లేయర్ల మెదళ్ల మీద ప్రయోగాలు చేస్తున్నాడు, అసునాని పంజరంలో పెట్టాడు. చెడ్డవాడే, చూస్తే అసహ్యం వేస్తుంది. కానీ వాడికి ఆట మీద ప్రేమ లేదు, తెలివి లేదు, బటన్ తప్ప ఏమీ లేదు. ఆ బటన్‌ని కయాబా నీడ వచ్చి కిరిటో చేతికి ఇచ్చేసరికి కథ ఐపోయింది. పాత విలన్ వచ్చి కొత్త విలన్‌ని ఓడించి వెళ్లాడు, మన హీరో మధ్యలో సంతకం పెట్టాడంతే.

ఇప్పుడు 2014లో వచ్చిన రెండో సీజన్‌కి వద్దాం, ఎందుకంటే నా ఓటు ఇక్కడే. డెత్ గన్.

తుపాకుల ఆట, గన్ గేల్ ఆన్‌లైన్. అక్కడ కూడా కిరిటో లైట్ కత్తితో బుల్లెట్లు నరికేస్తాడు, అంటే మళ్లీ చీట్ కోడే. ఎదురుగా ముసుగేసుకున్న ఓ మనిషి. స్టాట్స్ చూస్తే కయాబా ముందు వీడు ఎందుకూ పనికిరాడు. కానీ వీడు ఆటలో ఎవరిని ఆ పిస్తోలుతో కాల్చాడో, వాళ్లు నిజంగా చచ్చిపోతున్నారు. ఎలా? టోర్నమెంట్ ప్రైజ్ కోసం ప్లేయర్లు మెషిన్ దగ్గర తమ అసలు అడ్రస్ టైప్ చేస్తుంటే, వీడు కనపడకుండా దాక్కుని చదివేస్తాడు. తర్వాత ఆటలో ఇక్కడ కాల్చిన సమయానికే అక్కడ గదిలో వీడి మనిషి, కళ్లు మూసుకుని పడుకున్న శరీరానికి ఇంజెక్షన్ ఇచ్చేస్తాడు.

ఇప్పుడు చెప్పండి, ఏ లెవెల్ దాన్ని ఆపుతుంది? పైగా కిరిటో శరీరం హాస్పిటల్లో, పక్కన నర్స్ కాపలాతో క్షేమంగా ఉంది. ప్రమాదం సినాన్‌ది. ఒంటరిగా అపార్ట్‌మెంట్‌లో ఉంది, గదిలోకి మనిషి వచ్చేసి ఉండొచ్చు, టోర్నమెంట్ మధ్యలో లాగౌట్ అవ్వడానికి లేదు. అది చాలదన్నట్టు డెత్ గన్ చేతిలోని పిస్తోలు, 11 ఏళ్ల వయసులో పోస్టాఫీసులో దోపిడీ దొంగని ఆమె కాల్చిన మోడలే. కిరిటోకీ ఒక దెబ్బ ఉంది. ఈ ముసుగు మనిషి పాత ఆటలోని లాఫింగ్ కాఫిన్ హంతక ముఠావాడు, ఆ ముఠా మీద దాడిలో కిరిటో చేతుల మీదుగా ప్రాణాలు పోయాయి. వాడు దాన్ని మర్చిపోయి బతుకుతున్నాడు. వీడొచ్చి గుర్తుచేశాడు. ఇద్దరూ గుహలో కూర్చుని వణుకుతూ మాట్లాడుకునే ఎపిసోడ్‌లో ఒక్క దెబ్బ కూడా లేదు. మా వాడు స్కిప్ కొట్టలేదు. ఫోన్ ఛార్జింగ్ అయిపోతుంటే పరిగెత్తి వైరు తెచ్చుకున్నాడు.

ఓవర్‌లార్డ్ గురించి ఒక్క మాట. ఐన్జ్‌కి ఎదురులేదు, ఆ ప్రపంచంలో వాడు కొట్టలేనివాడు కనపడడు. మరి మొదటి సీజన్ ఆఖర్లో ఎవరిని దించారు? వాడి సొంత కాపలాదారు షాల్టియర్‌ని. మైండ్ కంట్రోల్‌లో పడింది, ఐన్జ్ లాగే లెవెల్ 100, ఆమె బిల్డ్ ఐన్జ్ లాంటి మాంత్రికుడికి సరిగ్గా విరుగుడు. గెలిచినా సంతోషం లేదు, ఎందుకంటే చచ్చింది పాత స్నేహితుడు ఎంతో ఇష్టంగా తయారుచేసిన బొమ్మ. మళ్లీ బతికించడానికి 50 కోట్ల బంగారు నాణేలు పోశాడు. ఓడిపోతాడన్న భయం కంటే, గెలిస్తే ఏం పోతుందన్న భయం నన్ను ఎక్కువ కూర్చోబెట్టింది.

"మరి బోఫురి సంగతేంటి, అందులో విలనే లేడుగా?" అంటారు, తెలుసు. పాయింట్లన్నీ డిఫెన్స్‌లో పోసేసిన మేపుల్ ఎదురుగా నిలబడేది ఆట తయారుచేసినవాళ్లే. పాపం ఒక స్కిల్ తగ్గిస్తారు, ఆమె వారం తిరక్కుండా ఇంకో వింత స్కిల్ పట్టుకొస్తుంది. అది కామెడీ, దానికి విలన్ అక్కర్లేదు. నేను భోజనం చేస్తూ చూస్తాను.

ఆఖరుగా, యూకి గురించి ఎందుకు మాట్లాడలేదని మీరు అడిగేలోపు చెప్పేస్తున్నా. కిరిటోని కత్తితో ఓడించిన అమ్మాయి, విలన్ కాదు, ఆమె పోరాడేది తన జబ్బుతో. దాన్ని ఐదు నిమిషాల్లో తేల్చేయడం నాకిష్టం లేదు. వచ్చే ఎపిసోడ్ మొత్తం ఆమెదే. తమ్ముడు ఆ ఎపిసోడ్లు నిన్న రాత్రి చూశాడు. పొద్దున అడిగితే ఏమీ మాట్లాడలేదు, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని కాలేజీకి వెళ్లిపోయాడు. ఉంటాను మరి, బై.