కృష్ణ వెంట కడలికి

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు సీమల వారికి సముద్రము దూరపు చుట్టము. ఎఱ్ఱనేలల నడుమ పెరిగిన మేము ఎరిగిన నీటి విస్తారమెల్ల జూరాల జలాశయము, సోమశిల చెంత కొండల నడుమ నిలిచిన కృష్ణ. అవతలి యొడ్డు కనిపించని నీరు చిన్ననాడు మా యూహకు అందలేదు.

అయినను సముద్రమునకు పోవు బాట మా ముంగిటనే యున్నది. కృష్ణ పుట్టిన మహాబలేశ్వరమునకు పడమటి కడలి సుమారు 64 కిలోమీటర్ల దూరము మాత్రమే. దగ్గరి సముద్రమును విడిచి ఆ నది తూర్పుగా సాగి, ఆలంపురము చేరువ తుంగభద్రను కలుపుకొని, 1,400 కిలోమీటర్లు నడచి బంగాళాఖాతమును చేరును.

దివిసీమలోని హంసలదీవి వద్ద మేము సముద్రమును మొదట చూచితిమి. అచ్చట నది యెక్కడ ముగిసినదో గీత గీసి చెప్పలేము. మంచినీరు మెల్లగా ఉప్పనగును. ఆ సీమలో మడచెట్లు బురదనుండి వేళ్ళను పైకెత్తి గాలి పీల్చును. అడుగుల సడికి పీతలు కన్నములలో దూరును. జనవరి మొదలు మార్చి వరకు ఆ తీరమున తాబేళ్ళు రాత్రివేళ ఇసుకలో గుడ్లు పెట్టి మరలిపోవును. పొదిగిన పిల్లలు తల్లి తోడు లేకయే కడలి దారి పట్టును. ఇంతకన్న సాహసమైన తొలి ప్రయాణ మేది?

మా తొలి విదేశయాత్ర సింగపూరునకు. విమానము తీరమును దాటునప్పుడు క్రింద తెల్లని నురుగుగీత కనిపించి మాయమైనది. గుండె వేగము హెచ్చినది. మరునాడు ఆ దేశపు టొడ్డున నిలిచి, లంగరు వేసిన ఓడల బారును చూచితిమి. పరదేశమున మాకు మొదట పరిచితముగా తోచినది ఉప్పుగాలియే.

కాని మా జిల్లాలలో ప్రయాణమనగానే ఉల్లాసము గాక వలస గుర్తునకు వచ్చును. పాలమూరు కూలీలు తరతరములుగా ఆనకట్టలు, కాలువలు, మేడలు కట్టుటకు దేశమంతట తిరిగినారు. ముంబయి బస్సెక్కిన వారిలో ఎందరో సముద్రమును అచ్చటనే చూచినారు. దినకూలి ముగించి చూచిన కడలియు, సెలవునాడు చూచిన కడలియు ఒక్కటే. చూచు కన్నుల అలసటయే వేరు. పొలమునకు నీరు చేరిన యింట ప్రయాణము నిర్బంధము గాక కోరిక యగును.

కనుక వీలు చిక్కినప్పుడు మీ యింటి పెద్దలను ఒక్కసారి తీరమునకు తోడ్కొని పొండు. ఇతరుల మేడలకు ఇటుకలు మోసిన చేతులు తీరికగా ఒక అలను తాకవలెను.