పాత వేట తుపాకికి దుర్భిణి బిగింపు

వేట తుపాకికి దుర్భిణి అమర్చుకొనుట చిన్నపనిగా తోచును. ఇంట తుపాకి ఉన్నది, అంగడిలో దుర్భిణి ఉన్నది, రెంటిని కలిపి బిగించిన సరిపోవునని పలువురు తలంతురు. ఆ కలుపుటలోనే ఎన్ని చిక్కులు కలవో, వాని నెరుగని వేటగానివలన మృగమునకు ఎట్టి హింస కలుగునో తెలుపుటయే ఈ ప్రసంగపు ఉద్దేశము.

ముందుగా ఒక్క మాట. మన దేశమున 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చినది. 1991లో దానిని సవరించి వేట అనుమతిపత్రముల పద్ధతినే తొలగించిరి. కనుక నేను చెప్పబోవునది అమెరికా సంయుక్త రాష్ట్రములకు సంబంధించినది. అచ్చట ఆకురాలు కాలము వచ్చినదనగా, ప్రభుత్వపు అనుమతిపత్రము పొంది జింకల వేటకు పోవు ఆచారము నేటికిని కలదు. తాత తుపాకి మనుమనికి చేరుటయు, ఒకరు వాడిన తుపాకిని మరియొకరు కొనుటయు అచ్చట సాధారణమే. ఆ దేశమున స్థిరపడిన తెలుగు కుటుంబములలో ఎవరికైనను ఈ విషయము అక్కరకు రావచ్చును. తక్కిన శ్రోతలకు, ఒక చిన్న ఇనుపముక్కపై ఎంత భారము ఆధారపడి యుండునో తెలియును.

దుర్భిణి తుపాకిపై నేరుగా కూర్చుండదు. తుపాకి లోహభాగముపై మరచీలలతో బిగించు పీఠము ఒకటి. ఆ పీఠముపై నిలిచి దుర్భిణి గొట్టమును పట్టియుంచు కడియములు రెండు. ఈ పీఠమును కడియములును కలిసినదే మౌంటు. తుపాకికి వందల డాలర్లు, దుర్భిణికి మరికొన్ని వందలు వెచ్చించినవాడు మౌంటు దగ్గరకు వచ్చునప్పటికి చౌకసరుకు వెదకును. ఏనుగును కొని అంకుశమునకు వెనుదీసినట్లు!

ఆ పిసినారితనపు ఫలము లెక్కవేసి చూతము. రెండు కడియముల నడుమ దూరము 4 అంగుళము లనుకొనుడు. 100 గజములనగా 3,600 అంగుళములు. అనగా 4 అంగుళములకు 900 రెట్లు. వెనుక కడియము అంగుళములో వెయ్యవ వంతు ప్రక్కకు జరిగినచో, 100 గజముల దూరమున గురి దాదాపు 0.9 అంగుళము తప్పును. మనము వ్రాసుకొను కాగితపు మందము వెయ్యవ వంతులు సుమారు 4 ఉండును. కాగితమంత కదలిక మూడున్నర అంగుళముల తప్పును తెచ్చును. నూరవ వంతు కదలినచో 9 అంగుళముల తప్పు. జింక గుండెయు ఊపిరితిత్తులును ఉండు చోటు వెడల్పు సుమారు 8 అంగుళములు మాత్రమే. వేటగాడు చక్కగా గురిచూచును, చేయి వణకకుండ మీట నొక్కును; ఐనను గుండు పొట్టకో కాలికో తగులును. ఆ జంతువు అచ్చట కూలక పొదలలోనికి పరుగెత్తి, గంటలతరబడి బాధపడి ప్రాణము విడుచును. ఆ పాపము కంటిది కాదు, చేతిది కాదు, వదులైన మరచీలది.

కావున పాతతుపాకి చేతికి వచ్చినంతనే దుర్భిణిని గూర్చి కాదు, ఆ తుపాకి జాతిని గూర్చి విచారింపవలెను. మూడు ఉదాహరణములు చెప్పుదును.

మొదటిది 1962లో వెలువడిన రెమింగ్టన్ 700. దీని లోహభాగముపై మరచీలల రంధ్రములు కార్మాగారమునందే తొలిచి ఇత్తురు. ఐనను దీనియందు ముందుభాగము ఎత్తుగను, వెనుకభాగము పల్లముగను ఉండును. కనుక రెండు పీఠములును ఒకే ఎత్తువి కావు. ముందుదానిని వెనుకకు, వెనుకదానిని ముందునకు అమర్చినచో దుర్భిణి వంగి కూర్చుండును. ఇందు పొట్టి గొళ్ళెపు తుపాకులు, పొడుగు గొళ్ళెపు తుపాకులు అని రెండు విధములు కలవు. ఒకదాని ఒంటిపీఠము రెండవదానికి సరిపడదు.

రెండవది జాన్ బ్రౌనింగ్ రూపొందించిన 1894 నాటి వించెస్టర్. ఇందు ఖాళీ తూటాకోశము నిలువుగా పైకి ఎగిరిపడును. సరిగా ఆ దారికి అడ్డముగా దుర్భిణి నిలిపిన ఏమగును? కోశము దానికి తగిలి తిరిగి లోపల చిక్కుకొనును. ఇట్టి తుపాకికి ప్రక్కమౌంటైనను వాడవలెను, లేదా కంటికి దూరముగా ముందు గొట్టముపై నిలుచు ప్రత్యేకపు దుర్భిణినైనను వాడవలెను. 1980 దశకమున కోశము ఏటవాలుగా ప్రక్కకు పడునట్లు దీనిని మార్చిరి. కనుక మీ తుపాకి ఆ మార్పునకు ముందుదో తరువాతిదో తెలిసికొననిదే కాసు ఖర్చు చేయరాదు.

మూడవది జర్మను సైన్యము 1898లో స్వీకరించిన మౌజర్. యుద్ధముల పిదప ఇవి లెక్కకు మిక్కిలిగా వేట తుపాకులుగా మారినవి. సైనిక మౌజరుపై దుర్భిణికి తగిన రంధ్రములు లేవు. గొళ్ళెపు పిడిని ఎత్తినప్పుడు అది దుర్భిణికి తగులును. గొళ్ళెము వెనుకనున్న రక్షణమీట అర్ధవృత్తముగా పైకి తిరుగునది గనుక అదియు అడ్డపడును. వీనిని మార్చుటకు నేర్పరియైన తుపాకుల పనివాడు కావలెను. సైనికరూపమున చెక్కుచెదరక నిలిచిన పాత మౌజరు ఐనచో, దానిని తొలువకుండుటయే మేలు. ఒక్క రంధ్రముతో దాని చారిత్రకపు విలువ పోవును, మరల రాదు.

ఇక మునుపటి యజమాని చేతిపనిని పరీక్షింపవలెను. తుపాకిని ఖాళీచేసి, తూటా లేదని కంటితోను వ్రేలితోను రూఢి చేసికొని, గొళ్ళెము ఊడదీసిన పిమ్మటనే ఈ పనికి పూనుకొనవలెను. రంధ్రములలో మర అరిగినదా? రంధ్రములు గొట్టపు నడిమిగీత మీద వరుసగా ఉన్నవా, ప్రక్కకు ఒరిగినవా? అమెరికా వేట తుపాకులలో వాడుకగా ఉండునది 6-48 మరచీల. దాని వ్యాసము 0.138 అంగుళము, అంగుళమునకు 48 మరలు. అది చెడిన తావున లావైన 8-40 మరచీల పట్టునట్లు పనివాడు తిరిగి మరకోయును. మరచీల పొడవును ముఖ్యమే. ముందు పీఠపు చీల మితిమించి పొడవైనచో లోనికి చొచ్చి గొళ్ళెపు కదలికను నిరోధించును. బిగించిన తరువాత గొళ్ళెము మరల చొప్పించి, అది మునుపటివలె సులువుగా జరుగుచున్నదా అని చూడుడు.

మౌంట్ల రకములు అనేకములు. వీవరు రకపు పీఠమునందు అడ్డగాడి వెడల్పు 0.180 అంగుళము. అమెరికా సైన్యము 1995లో ప్రమాణముగా నిర్ణయించిన పికటినీ పట్టాయందు అది 0.206 అంగుళము. వీవరు కడియములు సాధారణముగా పికటినీ పట్టాపై కూర్చుండును. పికటినీ కడియములు వీవరు పీఠముపై కూర్చుండకపోవచ్చును. రెడ్‌ఫీల్డ్ పేరిట ప్రసిద్ధమైన రకమున ముందుకడియమును పీఠములో చొప్పించి త్రిప్పవలెను. ఆ త్రిప్పుటకు దుర్భిణినే మీటగా వాడువారు దాని గొట్టమును వంచుకొందురు. అంగుళము లావుగల కొయ్యకడ్డీతో త్రిప్పుట ఉత్తమము. కడియముల కొలత దుర్భిణి గొట్టమునుబట్టి ఉండును: కొన్నింటికి 1 అంగుళము, కొన్నింటికి 30 మిల్లీమీటర్లు. కొలువక కొనరాదు.

ఎత్తును గూర్చి ఒక సూత్రము కలదు: తగలనంతవరకు ఎంత పల్లముగా ఉన్న అంత మేలు. దుర్భిణి ముందుగాజు తుపాకి గొట్టమునకు తగులరాదు, గొళ్ళెపు పిడి వెనుకగాజునకు తగులరాదు. అంతకుమించి ఎత్తైనచో చెంప కొయ్యమడమపై ఆనక తల గాలిలో తేలును. తల నిలువనివానికి గురి నిలువదు. పెక్కు వేట దుర్భిణులలో కంటికిని గాజునకును 3 మొదలు 4 అంగుళముల ఎడముండవలెను. ఎడము తగ్గినచో ప్రేలినప్పుడు తుపాకి వెనుకకు తన్ని కనుబొమ చీల్చును.

బిగించునప్పుడు చీలలను, రంధ్రములను నూనె లేకుండ తుడిచి, కొద్దికొద్దిగా, మార్చిమార్చి బిగింపవలెను. బలము కొలిచి బిగించు ఉపకరణము కలదు. తయారుచేసినవారు కాగితముపై చెప్పిన కొలతకు మించరాదు. బలవంతుని చేతిలో చిన్నచీల తెగుటయు, దుర్భిణి గొట్టము నొక్కుకొనిపోవుటయు కలదు.

తుదకు గురిశాలలో కాగితముపై మూడేసి గుండ్లు కాల్చి చూడవలెను. గుండ్లు ఒకచోట గుమికూడి లక్ష్యమునకు ఎడముగా పడినచో దుర్భిణిని సవరించిన చాలును. చెల్లాచెదరుగా పడినచో దుర్భిణిని నిందింపక, చీలలను మరల పరీక్షింపుడు. ఈ పరీక్షను ప్రతి సంవత్సరము వేటకాలమునకు ముందు చేయవలెను. కాగితము గాయపడదు. మౌంటు నమ్మదగినదని కాగితముపై రుజువు కానంతవరకు ఆ తుపాకిని ప్రాణిపై ఎక్కుపెట్టు హక్కు ఎవరికిని లేదు. కావలసిన మౌంటు దొరకనినాడు, పూర్వపు ఇనుపగురితోనే చేరువకు పోవుట, లేదా ఆ యేడు ఇంట నుండుటయే ధర్మము.