బాక్సర్ ఇంజిన్ శబ్దం: మిస్సింగ్ అనుకుని ఇంజిన్ విప్పబోయిన కథ

గూడూరు నుంచి మాట్లాడుతున్నా. మొన్న ఒక పెద్దాయన ఫోన్ చేశారు. వాళ్ల అబ్బాయి అమెరికాలో సుబారు కారు కొన్నాడంట. వీడియో కాల్‌లో స్టార్ట్ చేసి వినిపిస్తే ఈయన, "ఒరేయ్, ఒక సిలిండర్ కొట్టడం లేదు, బండి వెనక్కి ఇచ్చెయ్" అన్నారంట. కొడుకు నవ్వాడంట. ఈయనకి కోపం వచ్చింది. "మీరు చెప్పండి, నాది తప్పా?" అని నన్ను అడిగారు.

తప్పే సార్. కానీ అదే తప్పు నేనూ చేశా, అదీ షెడ్డులో పని చేస్తా.

2003లో షెవ్రొలె పేరు మన దేశానికి వచ్చింది కదా, ఆ తర్వాత ఫారెస్టర్ అని ఒక బండి అమ్మారు. పేరే షెవ్రొలె, బండి మాత్రం జపాన్ సుబారు. చాలా తక్కువ అమ్ముడుపోయింది. ఒకరోజు చెన్నై నుంచి నెల్లూరు పోతా ఒకాయన ఆ బండిని మా షెడ్డు ముందు ఆపాడు. ఆయనకి కావాల్సింది టైరు పంక్చర్ మాత్రమే. ఇంజిన్ ఆపలేదు. దడ్ దడ్... దడ్ దడ్... అంటా ఉంది. నాకు ఆగలేదు. "సార్, మిస్సింగ్ ఉంది, ప్లగ్గులు చూడాల" అన్నా. బానెట్ ఎత్తితే ప్లగ్గులు కనిపించవే! ఇంజిన్ పక్కల్లో, ఛాసిస్ సందులో ఉండాయి. చెయ్యి పట్టదు. ఇంజిన్ కిందికి దించాల్సిందే అనేదాకా పోయినా.

మా మేస్త్రి వచ్చి ఏమీ మాట్లాడలేదు. తాగుతున్న టీ గ్లాసు తెచ్చి ఇంజిన్ మీద పెట్టాడు. టీ పెద్దగా కదల్లేదు. "ఒక సిలిండర్ చచ్చిపోతే బండి ఇట్లా నిలబడుతుందా రా?" అన్నాడు. తర్వాత పైన కాయిల్ దగ్గర ఒక్కో వైరు తీసి చూశాడు. ఏది తీసినా ఇంజిన్ పడిపోతా ఉంది. అంటే నాలుగూ పని చేస్తున్నట్టే. (ఇప్పటి బళ్లకి ఇట్లా వైర్లు పీకొద్దు, కాయిల్స్ పోతాయి.)

మరి ఆ శబ్దం ఎక్కడిది? మామూలు కారులో నాలుగు సిలిండర్లు వరసగా నిలబడి ఉంటాయి. బాక్సర్‌లో రెండు కుడివైపు, రెండు ఎడమవైపు పడుకుని ఉంటాయి. ఎదురెదురు పిస్టన్లు ఒకేసారి బయటికి, ఒకేసారి లోపలికి. బాక్సింగ్ ఆడేవాళ్లు గ్లవ్స్ గుద్దుకున్నట్టు. ఒకదాని కుదుపును ఇంకొకటి తినేస్తుంది, అందుకే టీ కదల్లేదు.

సుబారులో 1, 3 కుడివైపు. 2, 4 ఎడమవైపు. పేలే వరస 1-3-2-4. అంటే కుడి, కుడి, ఎడమ, ఎడమ. పేలుళ్ల మధ్య టైము సమానమే, ఇంజిన్‌లో ఏ లోపమూ లేదు. తేడా పొగ గొట్టాల్లో ఉంది. రెండు వైపుల పొగా కింద ఒకచోట కలవాలి. ఒకవైపు గొట్టం పొట్టి, ఇంకోవైపుది పొడుగు. పొడుగు దాంట్లోంచి వచ్చేది కొంచెం ఆలస్యంగా, వేరే గొంతుతో వస్తుంది. ఆలస్యం సెకండులో వెయ్యో వంతుల లెక్కే, అయినా చెవి పట్టేస్తుంది.

ఇక్కడ ఒక లెక్క చెప్తా, నాకు బాగా నచ్చిన లెక్క ఇది. ఇంజిన్ నిమిషానికి 750 చుట్లు తిరుగుతా ఉందనుకోండి. నాలుగు సిలిండర్లకి కలిపి సెకండుకి 25 పేలుళ్లు. అన్నీ ఒకేలా వినిపిస్తే చెవికి ర్ర్ర్ అని ఒకే గీతలాగా ఉంటుంది. కానీ కుడి-కుడి-ఎడమ-ఎడమ తేడా తెలిసిందంటే, ఆ నాలుగు కలిసి ఒక దరువు. అది రెండు చుట్లకి ఒకసారి, అంటే సెకండుకి ఆరు పైచిలుకు. ఇప్పుడు బుల్లెట్ తీసుకోండి. ఒకే సిలిండర్, రెండు చుట్లకి ఒక పేలుడు. అదే 750లో సెకండుకి ఎన్ని? అవే ఆరు పైచిలుకు! నాలుగు సిలిండర్ల కారు లోపల బుల్లెట్ దరువు దాక్కుని ఉందన్నమాట. అందుకే మనకి అది తెలిసిన శబ్దంలాగా ఉంటుంది.

సుబారు వాళ్లు 1966 నుంచి, సుబారు 1000 కాలం నుంచి, ఈ ఇంజిన్లు చేస్తున్నారు. తమాషా ఏందంటే, 2003లో జపాన్‌లో వచ్చిన లెగసీకి వాళ్లే గొట్టాల పొడవు సమానం చేశారు. ఇంజనీర్ల లెక్కలో అదే సరైన పని, పొగ బాగా బయటికి పోతుంది. శబ్దం మాయమైంది. అభిమానులు మొత్తుకున్నారు. ఈరోజుకీ కొంతమంది డబ్బు పెట్టి మరీ పొడుగు-పొట్టి గొట్టాలు వేయించుకుంటున్నారు. నాకైతే వాళ్ల మీద నవ్వు రాదు.

మన కుర్రాళ్లు అడుగుతారు: "అన్నా, నా స్విఫ్ట్‌కి సైలెన్సర్ మారిస్తే ఆ సౌండ్ వస్తుందా?" రాదు నాయనా. నీ బండిలో పొగంతా ఒకే వైపు నుంచి, దాదాపు సమానమైన దారుల్లో వస్తుంది. సైలెన్సర్ కోస్తే అదే శబ్దం గట్టిగా వస్తుంది, అంతే. దరువు రాదు, చలానా వస్తుంది. మోటారు వాహనాల చట్టం 190(2) కింద 10,000 రూపాయల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు కూడా ఉంది.

ఇక ఆ పెద్దాయనకి నేను చెప్పింది: నిజంగా మిస్సింగ్ అయితే బండి ఊగుతుంది, ఎక్కుడులో లాగదు, మీటర్ బోర్డులో ఇంజిన్ లైట్ వెలుగుతుంది. శబ్దం మాత్రమే ఉండి ఇవేవీ లేకపోతే వదిలేయండి. లైట్ మిణుకు మిణుకుమంటే మాత్రం ఆ బండి బాక్సరైనా ఏదైనా పక్కన ఆపేయాల; పచ్చి పెట్రోలు పోయి క్యాటలిటిక్ కన్వర్టర్‌ని కాల్చేస్తుంది.

ఆ ఫారెస్టర్ ఆయన దగ్గర పంక్చర్ డబ్బులే తీసుకున్నాం. పోయేముందు, "నువ్వు ఒక్కడివే కాదులే, మా ఇంటి ముందు వాచ్‌మన్ కూడా ఇదే చెప్తాడు" అన్నాడు. బండి హైవే ఎక్కి నెల్లూరు వైపు పోయేదాకా నేనూ మేస్త్రీ ఆ శబ్దం వింటా నిలబడినాం. గ్లాసులో టీ చల్లారిపోయింది.