నీలం ఎక్కిన కత్తి
(ఆదివాసీ దినోత్సవ సభలో యువతను ఉద్దేశించి చేసిన ప్రసంగం)

 

సంఘం వాళ్లు మమ్మల్ని చదువు గురించి మాట్లాడమన్నారు. చదువు గురించి మేము హాస్టల్లో రోజూ మాట్లాడుతూనే ఉంటాం. పిల్లలు వింటున్నారో లేదో ఆ సమ్మక్క తల్లికే తెలియాలి. ఈరోజు కత్తి గురించి మాట్లాడతాం. పోయిన నెల టేకుమట్లలో నలుగురు తమ్ముళ్లు మమ్మల్ని ఆపి, "మేడం, వేట కత్తులు సొంతంగా చేయడం నేర్చుకోవాలని ఉంది. ఫోన్లో చూస్తున్నం. తప్పా?" అని అడిగారు. అంతలో బస్సు వచ్చింది. అప్పుడు చెప్పలేకపోయిన జవాబు ఇప్పుడు చెప్తున్నాం.

మాది ఆడపిల్లల హాస్టల్. కొన్నేళ్ల కింద ఎనిమిదో తరగతిలో చేరిన ఒక పాప ట్రంకు పెట్టెలో, బట్టల అడుగున, పాత గుడ్డలో చుట్టిన కత్తి దొరికింది. పిడి వదిలేస్తే నాలుగంగుళాల ఇనుము. మేము ఏ వార్డెనైనా చేసే పనే చేశాం. రిజిస్టర్‌లో రాసి, బీరువాలో పెట్టి తాళం వేశాం. పాప ఏడ్చింది. "మా తాతది మేడం" అంది. హాస్టల్లో కత్తి ఉండకూడదన్నాం. అది సరైన మాటే, ఇప్పటికీ అదే అంటాం. కానీ ఆ కత్తి ఏమిటో, ఎందుకు తెచ్చుకుందో మాత్రం అడగలేదు.

పదో తరగతి పరీక్షలయ్యాక తాత తీసుకుపోవడానికి వస్తున్నాడంటే బీరువా తీశాం. మూడు వానాకాలాల తేమకు కత్తి నిండా తుప్పు. ఇలా ఎలా ఇస్తామని సిగ్గేసి, బజారులో గ్రైండర్ ఉన్న ఒక షాపుకు పట్టుకుపోయాం. రెండు నిమిషాలు నిప్పురవ్వలు ఎగిరాయి. కత్తి అద్దంలా మెరిసింది. అంచు పొడవునా నెమలి కంఠం లాంటి నీలి రంగు వచ్చింది. ఎంత బాగుందో అనుకున్నాం.

తాత దాన్ని చేతిలోకి తీసుకుని మా ముఖం చూడలేదు, అంచు చూశాడు. బొటనవేలి గోరు మీద ఆనించి చూశాడు. "దీని పాణం పోయింది బిడ్డా" అన్నాడు. అరవలేదు. అరిచినా బాగుండేది.

అప్పుడు అడిగాం. లారీ కమాను పట్టీ ముక్కతో వాళ్ల నాయన చేయించిన కత్తి అది. పంటకు ఇన్ని వడ్లని మేర కొలిచి ఇచ్చాడట. వేటకు పోయిన రోజుల్లో తోలు ఒలిచింది, తేనెపట్టు కోసింది, వెదురు చీల్చింది. మనవరాలు కొత్త చోట రాత్రిపూట భయపడకుండా తలకింద ఇనుము ఉండాలని తాతే పెట్టెలో పెట్టాడు. మేము రిజిస్టర్‌లో రాసింది మాత్రం "పదునైన వస్తువు - 1".

మర్నాడు తాత, పాప, మేము కలిసి మానేరు వైపు ఒక ఊళ్లో ఇంకా కొలిమి నడుపుతున్న కమ్మరి పెద్దాయన దగ్గరికి పోయాం. ఆయన నీలి రంగు చూసి నవ్వి, "ఎవరమ్మా దీన్ని కాల్చింది?" అన్నాడు. మేమేనని ఒప్పుకున్నాం.

తమ్ముళ్లూ, అసలు పాఠం ఇక్కడుంది. ఫోన్లో మెరుపు కనిపిస్తుంది, ఇది కనిపించదు. ఆయన ముందు పిడిని వేడి చేశాడు. లోపలి లక్క కరిగి ఇనుము ఊడొచ్చింది. తర్వాత తలుపు దగ్గరికి వేశాడు. చీకట్లో అయితేనే ఇనుము రంగు తెలుస్తుందట. తిత్తి కొడుతుంటే కత్తి ముదురు ఎరుపు నుంచి చెర్రీ పండు ఎరుపుకు వచ్చింది. పాడైపోయిన స్పీకర్‌లోంచి తీసిన అయస్కాంతం దగ్గర పెట్టాడు, అంటుకుంది. మళ్లీ మంటలో పెట్టాడు. ఇంకోసారి చూస్తే అంటుకోలేదు. ఇనుము దాదాపు 770 డిగ్రీల దగ్గర అయస్కాంతానికి అంటుకోవడం మానేస్తుంది. ఇది మీ సైన్స్ పుస్తకంలోని సంగతే. దానికి ఇంకొంచెం వేడి చేర్చి, గోరువెచ్చని నూనెలో నిలువుగా దించాడు. నీళ్లలో ఎందుకు ముంచలేదని పాప అడిగింది. కమాను పట్టీ ఉక్కు నీళ్లకు ఓర్వదు, పగుళ్లొస్తాయన్నాడు.

ఆ తర్వాత ఆకురాయితో గీస్తే గాజు మీద గీసినట్టు జారిపోయింది. అయిపోయిందనుకున్నాం. "ఇప్పుడు కింద పడేస్తే విరుగుద్ది" అన్నాడు. ఇసుకరాయితో రుద్ది తెల్లగా చేసి, ఎర్రగా కాలిన ఇనుప దిమ్మె మీద వీపు ఆనించి పట్టుకున్నాడు. రంగు వీపు నుంచి మెల్లగా పాకి, అంచు దగ్గర ఎండుగడ్డి రంగు రాగానే తీసేశాడు. అది 200 డిగ్రీల పైచిలుకు. అక్కడ ఆపితే పదునూ నిలుస్తుంది, విరగదు. 300 దాకా పోతే నీలం వస్తుంది, అంచు మెత్తబడుతుంది. గ్రైండర్ మా కళ్ల ముందు చేసింది అదే. అందం అనుకున్నాం.

కొత్త పిడి పాప చేసింది. ఎండి పడిపోయిన సండ్ర కొమ్మ ముక్కను ఆకురాయితో అరగదీయడానికి మూడు రోజులు పట్టింది. చేతిలో బొబ్బలు చూపించి గొప్పగా నవ్వింది. హాస్టల్లో ఉన్న మూడేళ్లలో మేము ఆ నవ్వు చూడలేదు.

మీరు ఆన్‌లైన్లో చూసే "డమాస్కస్" కత్తుల మాట కూడా చెప్పాలి. ఇప్పుడు అమ్మేవి ఎక్కువగా రెండు రకాల ఉక్కు పొరలు కలిపి కొట్టినవి. పాత కాలపు డమాస్కస్ కత్తులకు పేరు తెచ్చిన మూస ఉక్కు వేరు. అది మన నిజామాబాద్ దిక్కు కోనసముద్రంలో తయారయ్యేది, దానికోసం పారశీక వర్తకులు అక్కడికి వచ్చేవాళ్లు. అమెరికాలో 1976లో పెట్టిన కత్తి కమ్మరుల సంఘం ఒకటుంది. అక్కడ పరీక్ష ఇలా ఉంటుంది. ఒకే కత్తితో వేలాడే అంగుళం మందం తాడును ఒక్క వేటుకు తెంపాలి, కట్టె దుంగను రెండుసార్లు నరకాలి, ఆ తర్వాత కూడా అదే అంచు చేతి మీది వెంట్రుకలు గీయాలి, చివరికి 90 డిగ్రీలు వంచినా విరగకూడదు. అందంగా మెరిసినంత మాత్రాన అక్కడ ఎవరూ పాస్ కారు. ఫిన్లాండ్ అయితే 1866లోనే పల్లె బడుల్లో మగపిల్లలకు చేతిపనిని పాఠంగా పెట్టింది. మన పిల్లలకు ఇంట్లో ఉన్న పాఠాన్ని మేమే బీరువాలో పెట్టి తాళం వేశాం.

ఇక వేట. దాచకుండా చెప్తాం. 1972 వన్యప్రాణి చట్టం మనకూ వర్తిస్తుంది. అటవీ హక్కుల చట్టం 2006 మనకు చాలా హక్కులిచ్చింది గానీ, వేటను మాత్రం పేరు పెట్టి మినహాయించింది. భూమి పండుగ వేట మన తాతల జ్ఞాపకంలో ఉంది, దాన్ని మేము చిన్నచూపు చూడం. కానీ ఈనాడు కరెంటు తీగ పెట్టి చంపేదాన్ని మాత్రం మా తాతలు వేట అనరు. దానికి మన మనుషులూ బలవుతున్నారు. కత్తి కొలత సంగతి కూడా తెలుసుకోండి. ఆయుధాల నిబంధనల్లో 9 అంగుళాలు దాటిన పొడవు గానీ, 2 అంగుళాలు దాటిన వెడల్పు గానీ ఉంటే అది ఆయుధం లెక్కలోకి వస్తుంది. ఇంటి పనికి, సేద్యానికి చేసినవి వేరు. చిన్నదే కదా అని జాతరలో నడుముకు పెట్టుకుని రీల్ తీస్తే, స్టేషన్‌కు మిమ్మల్ని విడిపించడానికి మేము రావాల్సి వస్తుంది.

కాబట్టి ఆ నలుగురికి జవాబు ఇది: తప్పు కాదు, నేర్చుకోండి. తోలు ఒలిచే కత్తి, తేనె కోసే కత్తి, వెదురు చీల్చే కత్తి, ఏది చేసినా నాలుగంగుళాలు చాలు. కమ్మరి పెద్దాయనతో మాట్లాడాం. ఆదివారాలు కొలిమి వెలిగిస్తానన్నాడు. ఆయన కొడుకులు హైదరాబాద్‌లో ఉన్నారు. నేర్చుకునే వాళ్లు వస్తారంటే ఆయన ముఖం మారిపోయింది. షరతులు కొన్ని పెట్టాడు: మొదటి నెల తిత్తి కొట్టడం, పిడి చేయడమే. నూలు బట్టలే వేసుకోవాలి, నైలాన్ వద్దు. కళ్లద్దాలు తప్పనిసరి. జింకు పూత ఉన్న పైపులు, రేకులు కొలిమిలో పెట్టొద్దు, ఆ పొగ విషం. వడ్లు కొలవక్కర్లేదు, బొగ్గుల ఖర్చు పెట్టుకుంటే చాలన్నాడు. ఆడపిల్లలు రావచ్చా అని మేము అడిగితే, "మొదటి పిడి చేసింది ఆడపిల్లనే గదమ్మా" అన్నాడు.

పేర్లు సభ అయ్యాక మాకు రాయించండి. కాగితం మా చేతిలోనే ఉంది.